నువ్వెవరి తాలూకా? ఇల్లు లేనోళ్ళకి వైద్యం ఎక్కడ ఆగిపోతోంది

శ్రీకాకుళం వైపు గానీ, ఇటు ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగోళ్ళలో గానీ కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగే మాట ఒకటే, నువ్వెవరి తాలూకా, అంటే ఎవరి మనిషివి? ఆ మాటలో తప్పేం లేదు. మనిషిని ఊరితోనో ఇంటితోనో కలిపి చూసుకోవడం మనకి అలవాటు, చుట్టరికం తేలితే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాం కూడా. కానీ ఇదే మాట రాత్రి పదకొండింటికి క్యాజువాలిటీలో, రైల్వే స్టేషన్ నుంచి 108లో తెచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన ముసలాయన దగ్గర వినిపిస్తే దానికి జవాబు ఉండదు. పేషెంట్ తాలూకా ఎవరండీ అని సిస్టర్ రెండు మూడుసార్లు పిలుస్తుంది, ఎవరూ పలకరు. ఇల్లు లేనోళ్ళకి వైద్యం అందకపోవడం అనేది చాలావరకు అక్కడ మొదలవుతుంది, డాక్టర్ దగ్గర కాదు.

బరంపురం ఎలాంటి ఊరో ముందు చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, అందుకే ఇప్పటికీ బజార్లో సగం బేరాలు తెలుగులోనే నడుస్తాయి, పట్టుచీరలు నేసే వీధుల్లో తెలుగే ఇంటి భాష, గోపాల్‌పూర్ తీరంలో వేటకెళ్ళే నోలియాలు మాట్లాడేదీ తెలుగే. హౌరా నుంచి చెన్నై పోయే మెయిన్ లైన్ ఊరి మధ్య నుంచే పోతుంది. పలాసలో బండెక్కితే గంటా గంటన్నరలో బరంపురం. అలాంటి ఊళ్ళో ప్లాట్‌ఫాం మీద, గుడి మండపంలో, మూసేసిన షాపు అరుగు మీద పడుకునేవాళ్ళు ఒక రకం మనుషులు కాదు. హోటల్లో గిన్నెలు కడిగి ముసలితనం వచ్చాక పని పోయినవాళ్ళుంటారు, మొగుడు సముద్రంలో పోయాక కొడుకుల దగ్గర ఇమడలేక వచ్చేసిన అమ్మలుంటారు, సూరత్ మరమగ్గాల మీద ఇరవై ఏళ్ళు పనిచేసి ఊపిరితిత్తులు పాడై వెనక్కొచ్చి ఇంటికి మొహం చూపించలేనివాళ్ళుంటారు, ఇంకా ఎక్కడో ఎక్కి ఎందుకు దిగారో వాళ్ళకే తెలియకుండా ఇక్కడ దిగిపోయినవాళ్ళుంటారు. అందర్నీ కలిపి బిచ్చగాళ్ళు అనేస్తారు జనం. చాలామంది అసలు అడుక్కోరు, పాత అట్టపెట్టెలు ఏరుకునో, మార్కెట్లో బస్తాలు మోసో బతుకుతారు.

లెక్కలు చూస్తే 2011 జనగణనలో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది ఇల్లు లేనివాళ్ళని తేల్చారు, అందులో సుమారు 9.4 లక్షలు పట్టణాల్లోనే. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. ఫుట్‌పాత్‌లు, తూములు, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫాంలు ఇవన్నీ వెతికే చేశారు గానీ ఒక్క రాత్రి లెక్కకి ఆ రాత్రి రైల్లో ఉన్నవాడు, పోలీసులకి భయపడి షెడ్డు వెనక దాక్కున్నవాడు, ఆసుపత్రి వరండాలో పేషెంట్ల తాలూకా జనం మధ్యలో కలిసిపోయి పడుకున్నవాడు దొరకడం కష్టం. కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉంటుంది అనుకోవడం న్యాయం.

ఇప్పుడు అసలు విషయం. పేదోళ్ళకి వైద్యం అనగానే అందరం డబ్బు గురించే మాట్లాడతాం. ఒడిశాలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే డబ్బు అనేది ఇప్పుడు మొదటి అడ్డంకి కాదు. 2015లో నిరామయ పథకం పెట్టాక మందులు ఉచితం, తర్వాత టెస్టులూ ఉచితం చేశారు, 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన వచ్చాక ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ కార్డూ లేకపోయినా ఎవరికైనా ఉచితమే అన్నారు. ఇది చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. మరి ఉచితమైనా ఎందుకు రారు, వచ్చినా ఎందుకు మధ్యలో వెళ్ళిపోతారు అంటే, ఆసుపత్రి పేషెంట్‌ని ఒక్కడిగా ఊహించుకోలేదు, పేషెంట్ ప్లస్ ఇంకో మనిషి అనే లెక్కతో నడుస్తుంది.

బరంపురంలో ఎంకేసీజీ లాంటి పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అది 1962 నుంచి ఉంది, గంజాం, గజపతి, రాయగడ, కంధమాల్ ఇన్ని జిల్లాల జనం అక్కడికే వస్తారు. అంత రద్దీ ఉండే ఏ ప్రభుత్వ వార్డులోనైనా పని ఎలా జరుగుతుందో గమనించండి. రక్తం శాంపిల్ ల్యాబ్‌కి తీసుకెళ్ళేది ఎవరు, పేషెంట్ తాలూకా. ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోసేది, మందుల కౌంటర్లో క్యూలో నిలబడేది, సెలైన్ అయిపోతే సిస్టర్‌ని పిలిచేది, రాత్రి బెడ్‌ప్యాన్ పెట్టేది, రక్తం కావాలంటే డోనర్‌ని తెచ్చేది, సంతకం పెట్టేది, అన్నీ తాలూకాలే. వార్డుకి ఉండాల్సిన మనుషుల కంటే తక్కువ మంది స్టాఫ్‌తో మన ఆసుపత్రులు నడుస్తున్నాయంటే ఆ లోటంతా ఇంటివాళ్ళు జీతం లేకుండా పూడుస్తున్నారు కాబట్టే. ఇంటివాళ్ళే లేని మనిషి ఆ బెడ్ మీద పడితే ఒక్కో పనీ ఆగుతుంది. డాక్టర్ రాసిన టెస్టు జరగదు, జరిగినా రిపోర్ట్ తెచ్చేవాళ్ళుండరు, రెండోరోజు రౌండ్స్‌లో రిపోర్ట్ ఏది అంటే అందరూ మొహాలు చూసుకుంటారు. పక్క బెడ్ అమ్మ దయతలచి తన కొడుకుని పంపితే పని అవుద్ది. దయ మీద ఎంత కాలం?

ఎమర్జెన్సీలో అయితే చట్టం గట్టిగానే ఉంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం తర్వాతే పోలీసు కాగితాలు అని చెప్పింది. 1996లో ఇంకో తీర్పు వచ్చింది, అది మన రైల్వే లైన్ మనుషులందరూ తెలుసుకోవాల్సినది. హకీం షేక్ అనే కూలి 1992 జులైలో బెంగాల్లో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే ఒక ఆసుపత్రి తర్వాత ఇంకో ఆసుపత్రి బెడ్ లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి, చివరికి ప్రైవేట్‌లో చేరాల్సి వచ్చింది. కోర్టు ఆయనకి 25 వేల రూపాయలు పరిహారం ఇప్పించి, బెడ్ లేదనే కారణంతో ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీ పేషెంట్‌ని తిప్పి పంపితే అది జీవించే హక్కుకే భంగం అంది. కాబట్టి క్యాజువాలిటీ తలుపు చట్టప్రకారం తెరిచే ఉంది, రిజిస్టర్లో పేరు తెలియకపోతే అన్నోన్ అని రాసి చేర్చుకుంటారు కూడా. ఇబ్బంది ఏంటంటే చట్టం తలుపు దగ్గరే ఆగిపోయింది, తలుపు లోపలి వార్డూ, అంతకంటే ముఖ్యంగా డిశ్చార్జ్ మర్నాడూ దానికి కనిపించలేదు.

డిశ్చార్జ్ మర్నాడు ఏమవుతుందో కొంచెం నిదానంగా చూడాలి ఎందుకంటే అసలు వైద్యం అంతా చెడిపోయేది అక్కడే. రెస్ట్ తీసుకోండి, పుండు తడవకుండా చూసుకోండి, వారం తర్వాత రండి అని రాసి ఇస్తారు, ఆ మూడు మాటలూ ఇల్లున్న మనిషికి రాసినవే. షుగర్ ఉన్నవాడికి ఇన్సులిన్ ఇస్తే అది గంజాం వేసవిలో సంచిలో పెట్టుకుని తిరిగితే పాడైపోతుంది, ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్ళు కనీసం తడి మట్టికుండలో పెట్టుకుంటారు, ప్లాట్‌ఫాం మీద కుండ ఎక్కడ పెడతాడు. బీపీకి ఒంట్లో నీరు తీసే బిళ్ళ ఇస్తే గంట గంటకీ ఒంటేలుకి వెళ్ళాలి, సులభ్‌లో ఇంతని తీసుకుంటారు, ఆడవాళ్ళయితే రాత్రి చీకట్లోకి వెళ్ళలేక ఆ బిళ్ళ మానేస్తారు, నీళ్ళు తాగడమే మానేస్తారు, అందుకే వాళ్ళలో మూత్రం ఇన్ఫెక్షన్లు ఎక్కువ. మెంటల్ ఆసుపత్రి మందులు మత్తుగా పడుకోబెడతాయి, రోడ్డు పక్కన పడుకునే ఆడమనిషికి మత్తు నిద్ర అంటే ఏంటో చెప్పక్కర్లేదు, ఆవిడ బిళ్ళ ఉమ్మేసిందంటే అది మొండితనం కాదు, ప్రాణం కాపాడుకోవడం. టీబీ మందు ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతులు. బోదకాలు మన తీరం అంతటా ఉన్న జబ్బే, దానికి చెప్పే ముఖ్యమైన జాగ్రత్త రోజూ కాలు సబ్బుతో కడిగి వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోవడం, అంతే, అందులో ఖర్చేమీ లేదు, కానీ రోజూ ఒక బకెట్ నీళ్ళు, ఒక సబ్బు, ఒక పొడిగుడ్డ, కూర్చోడానికి ఒక మూల కావాలి. కుక్క కరిస్తే ఇంజెక్షన్ ఒకసారి కాదు, అదే రోజు, మూడో రోజు, ఏడో రోజు, మళ్ళీ ఇరవై ఎనిమిదో రోజు. తేదీలు గుర్తుపెట్టుకోడానికి క్యాలెండర్ కాదు కదా ఫోన్ కూడా లేని మనిషి. రోడ్డు మీద పడుకునేవాళ్ళనే కుక్కలు ఎక్కువ కరుస్తాయి.

పైగా సంచి పోతుంది. పొద్దున్నే ప్లాట్‌ఫాం ఖాళీ చేయించేటప్పుడో, ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని రోడ్లు శుభ్రం చేసేటప్పుడో ఆ సంచులు చెత్తబండిలోకి వెళ్ళిపోతాయి, అందులోనే ఓపీడీ చీటీ, అందులోనే నెలకి సరిపడా బిళ్ళలు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే పాత చీటీ ఏదంటారు.

టీబీ విషయం ఇంకొంచెం చెప్పాలి, ఇక్కడ డబ్బు ఇచ్చే పథకం కూడా ఇంటి చుట్టూనే తిరుగుతుందని అర్థమవుతుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి టీబీ ఉన్నవాళ్ళకి తిండికి నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, కనీసం ఆరు నెలలు మందు వాడాలి కాబట్టి అది మంచి సాయమే. కానీ అది బ్యాంక్ ఖాతాలోనే పడుతుంది, సొంత ఖాతా లేకపోతే బంధువు ఖాతా ఇవ్వొచ్చు అంటారు. బంధువు! మళ్ళీ అదే ప్రశ్న, నువ్వెవరి తాలూకా. నిజానికి కాగితాలేవీ లేనివాళ్ళకి ఫోటో, వేలిముద్రతో చిన్న ఖాతా తెరవొచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఎప్పటినుంచో ఉంది, గుర్తింపు పొందిన షెల్టర్ ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆధార్‌కి నమోదు చేసుకునే దారి కూడా ఉంది. దారులు ఉన్నాయి, చేయిపట్టుకుని ఆ కౌంటర్ దాకా తీసుకెళ్ళే మనిషే లేడు. కార్డుల సంగతీ అంతే. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, దాంతోపాటు గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు అదనం. ఈ కార్డు రేషన్ కార్డు ఆధారంగా ఇస్తారు, రేషన్ కార్డు ఇంటి అడ్రస్ మీద ఇస్తారు. ఆయుష్మాన్ మొదటి జాబితా తయారుచేసినప్పుడు నీడ లేని కుటుంబాల్ని, అడుక్కుని బతికేవాళ్ళని ఏ షరతూ లేకుండా చేర్చాలనే రాసుకున్నారు, ఆ ఉద్దేశం చాలా మంచిది, కాకపోతే ఆ జాబితా 2011 నాటి సర్వే నుంచి తీశారు, ఆ రోజు ఆ మనిషి ఎవరికీ కనిపించకపోతే లేనట్టే.

సరిహద్దు వల్ల ఇది ఇంకా చిక్కుపడుతుంది. పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇల్లున్నవాళ్ళకి అది చిన్న విషయం, పెళ్ళిళ్ళు, బజారు, సినిమా అన్నీ అటూ ఇటూనే. ఇల్లు లేని మనిషి ఒక రాత్రి ఈ బస్టాండ్‌లో, ఒక రాత్రి ఆ బస్టాండ్‌లో పడుకుంటాడు, అతని టీబీ మందు ఏ రాష్ట్రం కార్డులో ఉంది? ఇచ్ఛాపురంలో జబ్బుపడిన మనిషికి శ్రీకాకుళం కంటే బరంపురం చాలా దగ్గర, కానీ ఆంధ్రా 108 సాధారణంగా ఆంధ్రా ఆసుపత్రికే తీసుకెళ్తుంది. చీటీ ఒడియాలో రాస్తే అటువైపు ఆర్ఎంపీకి అర్థం కాదు, తెలుగులో రాస్తే కోరాపుట్ వైపు జయపురంలో అర్థం కాదు, మందు పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి సరిపోతుంది గానీ ఎలా వాడాలో చెప్పే మాటలు పోతాయి. బరంపురంలో చాలామంది డాక్టర్లకీ నర్సులకీ తెలుగు వచ్చు, అది ఈ ఊరి అదృష్టం. కోరాపుట్ దాటి లోపలికి వెళ్తే అంత లేదు.

మతిస్థిమితం లేక తిరిగేవాళ్ళ విషయంలో భాషే సగం వైద్యం. ఎక్కడో విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి తనలో తాను గొణుక్కుంటున్న మాటల్లో ఊరి పేరు ఉంటుంది, తెలుగు తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని రెండు రోజులు వింటే దొరుకుతుంది. వినకపోతే ఆమె పిచ్చిదిగానే మిగిలిపోతుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది, ఇందులో రెండు సెక్షన్లు తెలిసి ఉండాలి. 18వ సెక్షన్ ప్రకారం ఇల్లు లేనివాళ్ళకి, దిక్కులేనివాళ్ళకి బీపీఎల్ కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ మానసిక వైద్యం పూర్తిగా ఉచితం. 100వ సెక్షన్ ప్రకారం అలా తిరుగుతున్న మనిషిని పోలీస్ స్టేషన్ ఆఫీసర్ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు తెలియని మనిషి అయితే మిస్సింగ్ కేసు రాసి ఇంటివాళ్ళని వెతకాలి. తరిమేయడం, బలవంతంగా ఇంకో రైలెక్కించడం చట్టంలో ఎక్కడా లేదు. రైలెక్కిస్తే ఆ మనిషి భాష ఇంకా దూరమైపోతుంది, అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు.

మన దేశంలో ఇది చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. చెన్నైలో బాన్యన్ అనే సంస్థ 1993 నుంచి రోడ్డు మీద తిరిగే ఆడవాళ్ళని చేర్చుకుని వైద్యం చేసి ఇళ్ళకి పంపుతోంది. మహారాష్ట్ర కర్జత్‌లో డాక్టర్ భరత్ వట్వానీ శ్రద్ధ సంస్థ ద్వారా ఇదే పని చేసి 2018లో మెగసెసే అందుకున్నారు, అక్కడ మందుతో పాటు భాష తెలిసిన మనిషి కూడా వెంట వెళ్ళి ఇంటి గుమ్మం దాకా దింపుతాడు. రోజూ బిళ్ళ వేసుకోలేనివాళ్ళకి రెండు మూడు వారాలకి, నెలకి ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, పాత మందులే, ఖరీదేమీ ఎక్కువ కాదు.

దూరదేశంలో ఒక సంగతి ఇక్కడికి పనికొస్తుంది. అమెరికాలో బోస్టన్‌లో 1985లో ఇల్లు లేనివాళ్ళ కోసం ఒక వైద్య సంస్థ మొదలైతే అందులో చేరిన కుర్ర డాక్టర్ జిమ్ ఓకానెల్‌ని అక్కడి నర్సులు ముందు స్టెతస్కోప్ పక్కన పెట్టించి, వచ్చినవాళ్ళ పాదాలు కడగమన్నారు. రోజంతా నిలబడి నడిచేవాళ్ళ బాధంతా పాదాల్లోనే ఉంటుంది, పైగా కాళ్ళు కడుగుతుంటే మనిషి నెమ్మదిగా నోరు విప్పుతాడు. ఇంటికొచ్చినవాళ్ళకి కాళ్ళకి నీళ్ళిచ్చే మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, ఆసుపత్రిలో మర్చిపోయామంతే. ఆ సంస్థే ఇంకో పని చేసింది, ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు కాదు, రోడ్డు మీద ఉండగలిగేంత బలమూ లేదు అనే మనిషి కోసం మధ్యలో కోలుకునే పడకలు పెట్టింది. ఇప్పుడవి వందకి పైనే.

ఆ కోలుకునే పడక మన రూల్స్‌లో కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పట్టణ జీవనోపాధి మిషన్ 2013 షెల్టర్ నిబంధనల్లో లక్ష జనాభాకి కనీసం వంద మందికి సరిపడే ఇరవై నాలుగు గంటల షెల్టర్ ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఇవ్వాలని, ముసలివాళ్ళకి, మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి, ఇంకా కోలుకుంటున్న పేషెంట్లకి ప్రత్యేక షెల్టర్లు పెట్టొచ్చని రాసి ఉంది. బరంపురం జనాభా 2011లోనే మూడున్నర లక్షలు దాటింది, ఆ లెక్కన మూడు షెల్టర్లకి తక్కువ ఉండకూడదు. వాటిలో ఒక్కటైనా ఎంకేసీజీ మెడికల్‌కి నడిచి వెళ్ళేంత దగ్గరలో, పది పడకలు కోలుకునేవాళ్ళకని పక్కకి పెట్టి, డ్రెస్సింగ్ మార్చే ఒక ఏఎన్ఎం రోజూ వచ్చిపోతే, ఫ్రిజ్‌లో ఒక అర ఇన్సులిన్‌కి, గోడకి తాళం వేసే చిన్న పెట్టెలు బిళ్ళలకి పెడితే, పైన చెప్పిన వాటిలో సగం సమస్యలు అక్కడే తీరతాయి. కాలి పుండు మూడు వారాలు పొడిగా ఉంటే మానుతుంది, వానలో నానితే వేలు తీసేయాలి, ఆ తర్వాత పాదం. ఆపరేషన్ ఖర్చు, బెడ్ రోజులు లెక్కేసినా షెల్టరే చౌక, మనిషి కాలు సంగతి వదిలేసి చెప్పినా సరే.

వార్డులో తాలూకా లేని పేషెంట్‌కి ఆసుపత్రే తాలూకా అవ్వాలి, షిఫ్ట్‌కి ఇద్దరు జీతం తీసుకునే అటెండెంట్లని ఇందుకోసమే పెట్టాలి, ఆరోగ్య పథకాల పని చూసే స్వాస్థ్య మిత్ర డెస్కుకే వాళ్ళని కలిపేయొచ్చు. పట్టణ ఆరోగ్య మిషన్ పేపర్ల మీద ఇల్లు లేనివాళ్ళని ముందు చూసుకోవాల్సినవాళ్ళలో రాశారు, యాభై వేల జనాభాకో పట్టణ పీహెచ్‌సీ, ఆశాలు, బయట క్యాంపులు అన్నీ ఉన్నాయి. కానీ ఆశా తిరిగేది ఇంటింటికీ, ఇల్లే లేని చోటికి ఆమె లిస్టులో నంబర్ ఉండదు. ప్లాట్‌ఫాంకి, బస్టాండ్‌కి, గుడి మెట్లకి కూడా ఒక నంబర్ వేసి లిస్టులో పెడితే ఆమె వస్తుంది. ఓపీడీ పొద్దున పూట, పని దొరికేదీ అన్నదానం క్యూ మొదలయ్యేదీ ఆ పూటే, చీటీ కోసం నిలబడితే ఆ రోజు తిండి పోయినట్టే. అందుకని వాళ్ళు వచ్చే చోటికే వైద్యం పోవాలి. ఒడిశాలో 2015లో పెట్టిన ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకి అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెడతారు, మొదట పెట్టిన ఊళ్ళలో బరంపురం కూడా ఒకటి. మధ్యాహ్నం ఆ కౌంటర్ పక్కన ఒక బల్ల, ఒక నర్స్, బీపీ మిషన్, కఫం డబ్బాలు, ఒక బకెట్ నీళ్ళు ఉంటే చాలు. అన్నం తిన్నాక అక్కడే టీబీ బిళ్ళ వేసుకుంటే వాంతి గొడవ కూడా ఉండదు. టీబీ మందు దగ్గరుండి వేయించే సహాయకుడిగా ఇంటివాళ్ళే ఉండాలని లేదు, స్టేషన్ ముందు టీకొట్టాయన్ని పెట్టుకోవచ్చు, అతనికి ఆ మనిషి రోజూ కనిపిస్తాడు, రాని రోజు ముందు తెలిసేది కూడా అతనికే.

ఎండాకాలం, తుఫాన్లు ఇక్కడ వేరుగా చూడాలి. 1998 వడగాడ్పుల్లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు. ముందే జనాన్ని ఖాళీ చేయించడంలో ఒడిశా మొత్తం దేశానికి పాఠం చెప్పింది. అదే పద్ధతిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగటిపూట కూడా షెల్టర్ తలుపులు తెరిచి ఉంచాలి, చాలాచోట్ల వీటిని రాత్రి పడుకునే చోటుగానే చూస్తున్నారు, వడదెబ్బ కొట్టేది మధ్యాహ్నం.

రోడ్డు మీద అలాంటి మనిషి కనిపిస్తే మామూలు మనిషి చేయగలిగింది ఉంది. ఒంట్లో బాగోకపోతే 108, ముసలివాళ్ళయితే 14567, మతిస్థిమితం సంగతైతే 14416 టెలిమానస్, అందులో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కన ఉండండి, ఆయన సంచీ కూడా బండిలో పెట్టించండి, చీటీలు అందులోనే ఉంటాయి. క్యాజువాలిటీలో తాలూకా ఎవరు అని పిలిచినప్పుడు నేనున్నాను అని ఒక గంట నిలబడి, చీటీ రాయించి, అడ్మిషన్ అయ్యాక మర్నాడు సాయంత్రం ఒకసారి వెళ్ళి రిపోర్ట్ వచ్చిందా అని అడిగి రండి.